సాక్సులు తీయమన్నారు



కొంచెం పెద్ద పోస్టు ఇది. నోటిఫికేషన్ కాదు, సీట్ల గురించీ కాదు. నా కాలివేలు గురించి. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి, పర్వాలేదు. కానీ హాస్టళ్ళలో ఉన్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మాత్రం ఓపిక చేసుకుని చివరిదాకా చదవండి. చదివాక ఒకసారి మీ కాళ్ళు చూసుకోండి.

నేను డిగ్రీ మూడో సంవత్సరం. విశాఖలో హాస్టల్. మా ఊరు పాడేరు దాటి ఇంకా పైకి వెళ్ళాలి, బస్సు దిగాక కూడా నడక ఉంది. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే మొదలు. మా రూములో ఎనిమిది మందిమి ఉంటాం. మూడేళ్ళుగా నేను సాక్సులు వేసుకునే పడుకున్నాను. మే నెలలో, కరెంటు లేని రాత్రి, విశాఖ ఉక్కలో కూడా. "ఏరా, ఏజెన్సీ చలి ఇంకా పోలేదా నీకు" అని ఏడిపించేవాళ్ళు. నేనూ నవ్వేసేవాణ్ణి. చలి కాదు, దాచుకోవడం.

నా కుడికాలి రెండో వేలు, అదే మన ఆడవాళ్ళు మెట్టెలు పెట్టుకునే వేలు, మధ్య కణుపు దగ్గర పైకి లేచి, కొస కిందకి వంగి ఉంటుంది. పక్కనుంచి చూస్తే చిన్న కొండలా ఉంటుంది. ఆ కొండ నెత్తిన ఆనెకాయ, గట్టిగా, పసుపు రంగులో. ఎడమ కాలిది కూడా అలాగే, కాకపోతే కొంచెం తక్కువ. దీన్ని ఇంగ్లీషులో హ్యామర్‌టో అంటారు. హ్యామర్ అంటే సుత్తి కదా, సుత్తి తలలాగా వంగుతుందని ఆ పేరు. ఈ పేరు నాకు తెలిసింది పోయిన ఏడాదే. అప్పటిదాకా నాకు తెలిసిన పేర్లు వేరే. వాటి గురించి తర్వాత చెప్తాను.

ముందు మా అయ్య కాళ్ళ గురించి చెప్పాలి. మా అయ్య చెప్పులు వేసుకున్నది పెళ్ళిళ్ళకీ, ఆఫీసు పని మీద పాడేరు వెళ్ళినప్పుడూ మాత్రమే. మిగతా బతుకంతా ఉత్తి కాళ్ళే. పోడు, కాఫీ తోట, గెడ్డ, సంత, అన్నీ ఆ కాళ్ళతోనే. ఆయన వేళ్ళు విసనకర్రలా విచ్చుకుని ఉంటాయి. బొటనవేలికీ రెండో వేలికీ మధ్య నా రెండు వేళ్ళు పట్టేస్తాయి. జీలుగు చెట్టు ఎక్కేటప్పుడు ఆ వేళ్ళు చెట్టుని పట్టుకుంటాయి, నిజంగా చేత్తో పట్టుకున్నట్టే. మడమలు పగిలి ఉంటాయి, అరికాలు పెంకులా ఉంటుంది, కానీ వంకర వేలు ఒక్కటి లేదు. ఊళ్ళో ఆయన ఈడు వాళ్ళెవరికీ చూడలేదు నేను.

నేను కూడా తొమ్మిదో తరగతి దాకా అలాగే పెరిగాను. హవాయి చెప్పులు ఉండేవి, అవి కూడా స్కూల్ బయట ఎక్కడో ఒకచోట తెగిపోతుండేవి. తొమ్మిదిలో ఉన్నప్పుడు మేం ఉండే హాస్టల్ స్కూలుకి ఎవరో దాతలు వచ్చి నల్ల షూలు పంచారు. స్కూలు పేరు, వాళ్ళ పేరు రాయను, మంచి మనసుతోనే ఇచ్చారు. లైన్లో నా వంతు వచ్చేసరికి ఆరు నంబరు జత మాత్రమే మిగిలింది. నాది ఎనిమిది అని ఇప్పుడు తెలుసు, అప్పుడు నాకొక నంబరుంటుందనే తెలియదు. తొడిగి చూశాను. మడమ దూరడానికి గచ్చు మీద మూడుసార్లు కొట్టాల్సొచ్చింది. "సరిపోయాయా?" అని అడిగారు సారు. "సరిపోయాయి సార్" అన్నాను.

ఎందుకలా అన్నావు అని మీలో కొందరు అడుగుతారు. ఏజెన్సీ హాస్టల్లో చదివిన వాళ్ళు అడగరు. సరిపోలేదంటే వెనక్కి తీసుకుంటారు. వెనక్కి తీసుకుంటే మళ్ళీ ఇస్తారన్న నమ్మకం లేదు. అదీ గాక అవి నా జీవితంలో మొదటి షూలు. లేసులు కట్టుకోవడం రాత్రి పదిసార్లు ప్రాక్టీసు చేశాను. సెలవులకి ఇంటికి వెళ్తే అవే వేసుకుని వెళ్ళాను. మా అయ్య నన్ను సంతకి తీసుకెళ్ళి, పసుపు అమ్ముకునే వాళ్ళకి, మిరియాలు కొనే సావుకారికి, అందరికీ చూపించాడు. "మావోడు, బూట్లు ఏసుకొచ్చేడు" అని. ఆ రోజు నా వేళ్ళు షూలో మడిచి ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. ఇంటికొచ్చాక గెడ్డలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాను.

అలా రెండేళ్ళు. ఈ రెండేళ్ళలో కాలు ఇంకా పెరిగింది, షూ పెరగలేదు.

ఇంటర్‌లో షూ తప్పనిసరి. ఫుట్‌పాత్ మీద ఒక జత కొన్నాను. ముందు భాగం కోసుగా ఉండే పార్టీ షూ. సినిమాల్లో వేసుకుంటారే, అది. రెండో జత కూడా తప్పే, ఈసారి తప్పు నాదే. పొడవు సరిపోయింది, కానీ ముక్కు సన్నం. అప్పుడు వచ్చింది ఆనెకాయ. వంగిన వేలి కణుపు షూ పైభాగానికి రోజంతా రాసుకుంటే చర్మం తనని తాను కాపాడుకోవడానికి మందంగా అవుతుంది. ఆ మందమే మళ్ళీ గుచ్చుకుంటుంది. నేను దాన్ని రోగం అనుకున్నాను. మెడికల్ షాపులో అడిగితే కార్న్ క్యాప్ అని ఒక పట్టీ ఇచ్చారు. దానిలో చర్మాన్ని కరిగించే యాసిడ్ ఉంటుంది, శాలిసిలిక్ యాసిడ్ అంటారు. నేను సరిగ్గా అతికించలేదు, పక్కన ఉన్న మంచి చర్మం కూడా తెల్లగా ఉడికిపోయి ఊడింది. ఇంకోసారి గడ్డం గీసుకునే బ్లేడుతో కోశాను. రక్తం ఆగలేదు, వారం చీము పట్టింది. ఇది చదివే ఎవరైనా బ్లేడు పెట్టి ఉంటే దయచేసి ఆపండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఆ పట్టీలు కూడా డాక్టర్ని అడగకుండా వాడనివ్వొద్దు. స్పర్శ తగ్గిన కాలికి పుండు పడ్డా తెలియదు.

ఇప్పుడు ఆ వేరే పేర్ల సంగతి.

డిగ్రీ మొదటి సంవత్సరంలో ఒకరోజు బాత్రూము దగ్గర వేరే రూము కుర్రాడొకడు నా కాళ్ళు చూశాడు. "ఏంట్రా అలా వంకర పోయాయి, పెద్దరోగమా?" అన్నాడు. వాడు నవ్వుతూనే అన్నాడు, మర్చిపోయాడు కూడా. నేను మర్చిపోలేదు. మా చిన్నప్పుడు ఊరి చివర పాకలో ఒక పెద్దాయన ఉండేవాడు. చేతివేళ్ళు, కాలివేళ్ళు లోపలికి ముడుచుకుపోయి ఉండేవి. అన్నం దూరం నుంచి పెట్టేవారు. పిల్లల్ని అటు వెళ్ళనిచ్చేవారు కాదు. ఆ రాత్రి నాకు ఆయన గుర్తొచ్చాడు. దుప్పటి కింద సెల్‌ఫోన్ లైటు పెట్టుకుని పిన్నీసుతో నా వేళ్ళన్నీ గుచ్చుకుని చూసుకున్నాను. నొప్పి తెలిసింది. తెలిసినా నమ్మకం కలగలేదు. సాక్సులు వేసుకుని పడుకోవడం అప్పటి నుంచే.

దీని గురించి నాకు తర్వాత తెలిసింది ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మన ఊళ్ళలో ఈ భయం ఇంకా ఉంది. కుష్ఠులో వేళ్ళు వంగేది నరం దెబ్బతిన్నందుకు. మడమ లోపలి వైపు గిలక వెనకాల నుంచి ఒక నరం అరికాల్లోకి వెళ్తుంది. అది పాడైతే అరికాల్లోని చిన్న కండరాలు పని చేయడం మానేస్తాయి. అప్పుడు అన్ని వేళ్ళూ గద్దగోళ్ళలా ముడుచుకుంటాయి, దాన్ని క్లా టో అంటారు. చాలామందికి దానికి ముందే చర్మం మీద పాలిపోయిన మచ్చో ఎర్రటి మచ్చో వస్తుంది, అక్కడ స్పర్శ తెలియదు. అరికాల్లో తిమ్మిరి ఉంటుంది. నాకు అవేవీ లేవు. ఒకవేళ ఉన్నా అది శాపం కాదు, ఒక సూక్ష్మజీవి. 1873లో హాన్సెన్ అనే నార్వే డాక్టరు కనిపెట్టాడు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఉచితం, ఆరు నెలలో ఏడాదో వాడాలి, మందులు మొదలుపెట్టాక ఇంకొకళ్ళకి అంటుకోదు. వెల్లూరులో పాల్ బ్రాండ్ అనే డాక్టరు ఈ రోగుల చేతుల మీద, కాళ్ళ మీద ఏళ్ళ తరబడి పనిచేసి, వేళ్ళు వాటంతట అవి కుళ్ళిపోవనీ, స్పర్శ పోవడం వల్ల తగిలిన దెబ్బలు తెలియక అలా అవుతాయనీ చూపించాడు. పనిచేసే కండరం తాలూకు తాడుని మార్చి కుట్టి ముడుచుకున్న వేళ్ళని మళ్ళీ పని చేయించాడు. ఇదంతా చదివిన రోజు నాకు మా ఊరి పెద్దాయన కోసం ఏడుపొచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది.

సరే, అసలు దెబ్బ తగిలింది అగ్నివీర్ దగ్గర.

మా బ్యాచ్‌లో నలుగురం అప్లై చేశాం. ఆన్‌లైన్ పరీక్ష పాసయ్యాను. తర్వాత ర్యాలీ. 1.6 కిలోమీటర్లు, 5 నిమిషాల 30 సెకన్లలోపు వస్తే మొదటి గ్రూపు. పరుగంటే నాకు భయం లేదు, కొండల్లో పెరిగినవాడికి సముద్రం ఒడ్డున సమానంగా ఉన్న రోడ్డు ఒక లెక్కా. ఉత్తి కాళ్ళతో పరిగెడితే ముందుండేవాణ్ణి. షూ వేసుకుంటే రెండో రౌండుకే వేలు మంట. మాకు ప్రాక్టీసు చేయించే మాజీ సైనికుడు ఒకాయన ఉండేవారు. ఒకరోజు నా పరుగు చూసి "కాలు అలా వంకరగా వేస్తున్నావేంటి? షూ తీయి" అన్నారు. "ఏం లేదు సార్, రాయి తగిలింది" అన్నాను. మళ్ళీ అదే. తొమ్మిదో తరగతిలో చెప్పిన మాటే వేరే రకంగా. ఆ రోజు షూ తీసి చూపించి ఉంటే ఆయన చెప్పి ఉండేవారు, ఇంకా ఎనిమిది నెలలు టైముంది.

ర్యాలీ రోజు పరుగు మొదటి గ్రూపులోనే వచ్చింది. పుల్లప్స్ అయ్యాయి. గొయ్యి దూకాను. ఎత్తు, ఛాతీ అన్నీ సరిపోయాయి. మెడికల్లో లైన్లో నిలబెట్టి సాక్సులు తీయమన్నారు. నేను ఎడమది తీసి ఆగాను. "రెండోది కూడా" అన్నారు. డాక్టరు వంగి చూసి, బొటనవేలితో నా వేలిని కిందకి నొక్కి చూశారు. అది లొంగలేదు. ఆనెకాయ మీద వేలు పెట్టి "ఎన్నాళ్ళ నుంచి?" అని అడిగారు. ఆయన కసురుకోలేదు. కాగితం మీద ఏదో రాశారు. రివ్యూకి పంపారు, అక్కడా అదే మాట. దాని గురించి ఎక్కువ రాయలేను.

తర్వాత తెలుసుకున్న రూలు ఇది. ఒక్క వేలే, కొద్దిగానే వంగి, నొప్పి లేకుండా, చేత్తో సరిచేస్తే సరి అయ్యేదయితే తీసుకోవచ్చు. బిగుసుకుపోయినా, ఆనెకాయలు ఉన్నా తీసుకోరు. మొదట నాకు కోపం వచ్చింది, ఒక వేలు కోసమా అని. తర్వాత ఆలోచిస్తే బూట్లు వేసుకుని రోజుల తరబడి నడవాల్సిన ఉద్యోగం అది. ఆ వేలు మొదటి వారంలోనే పుండు పడుతుంది. రూలుతో నాకు గొడవ లేదు. గొడవంతా ఆ "సరి అయ్యేదయితే" అన్న మాటతోనే. నాది కూడా ఒకప్పుడు సరి అయ్యేదే.

ఆపరేషన్ చేయించుకుంటే మళ్ళీ వెళ్ళొచ్చేమో అన్న ఆశతో విశాఖలో ఒక పెద్దాసుపత్రిలో ఎముకల ఓపీకి వెళ్ళాను. పొద్దున్న ఆరింటికి చీటీ, పదకొండున్నరకి నా వంతు. అక్కడ ఒక జూనియర్ డాక్టరు అక్క నాతో పావుగంట మాట్లాడింది. అంత రద్దీలో పావుగంట. ముందు కళ్ళు మూసుకోమని సన్నటి నైలాన్ దారంలాంటి దానితో అరికాలంతా ముట్టి, తగిలినప్పుడల్లా చెప్పమంది. అన్నీ చెప్పాను. షుగర్ పరీక్ష రాసింది. అప్పుడు ధైర్యం చేసి ఆ పెద్దరోగం మాట అడిగేశాను. "కాదు. మచ్చలు లేవు, స్పర్శ బాగుంది, మిగతా వేళ్ళన్నీ బాగున్నాయి. ఇది షూ చేసిన పని" అంది. రెండేళ్ళ భయం రెండు ముక్కల్లో పోయింది. ఓపీ చీటీ పది నిమిషాలు చేతిలో నలుపుతూ కూర్చున్నాను.

తర్వాత కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. మన పాదంలో 26 ఎముకలు. బొటనవేలికి రెండు కణుపులు, మిగతా వేళ్ళకి మూడు. వేలిని కిందకి వంచే తాళ్ళు పిక్కలోంచి వస్తాయి, పైకి ఎత్తే తాళ్ళు ముందు వైపు ముంజకాలి నుంచి వస్తాయి. ఈ రెండిటి మధ్య వేలు నిఠారుగా ఉండేలా చూసేవి పాదంలోనే ఉండే చిన్న చిన్న కండరాలు. పొట్టి షూలో వేలు మడతపడి ఉంటే పెద్ద తాళ్ళు ఆ మడతకే అలవాటు పడి కురచ అవుతాయి, చిన్న కండరాలు ఓడిపోతాయి. మొదట్లో షూ తీసేస్తే వేలు సరి అవుతుంది. కొన్నాళ్ళకి చేత్తో లాగితేనే సరి అవుతుంది. ఇంకొన్నాళ్ళకి కీలు చుట్టూ ఉండే సంచి బిగుసుకుపోతుంది, అప్పుడు లాగినా రాదు. ఎక్కువగా రెండో వేలికే ఎందుకంటే కొంతమందికి అదే పొడుగు. (రెండో వేలు పొడుగైతే మొగుణ్ణి ఏలుతుందని మనవాళ్ళు ఆడపిల్లల్ని అంటారు కదా. మొగుడి సంగతి ఏమో గానీ షూ ముక్కుకి ముందు తగిలేది మాత్రం అదే.) మధ్య కణుపు కాకుండా గోరు దగ్గర కణుపు ఒక్కటే వంగితే దాన్ని మాలెట్ టో అంటారట. షూ ఒక్కటే కారణం కాదు. బొటనవేలు పక్కకి తిరిగి రెండో వేలిని నెట్టినా, కీళ్ళవాతం ఉన్నా, దెబ్బ తగిలినా, షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నా వస్తుంది.

ఆమె చేసిన పరీక్ష మీరు ఇంట్లో చేసుకోవచ్చు. కూర్చుని, వేళ్ళ మొదట్లో అరికాలి మెత్త మీద కింద నుంచి పైకి బొటనవేలితో నొక్కాలి. వంగిన వేలు దానంతట అది సరి అయితే అది ఇంకా మెత్తగానే ఉందన్నమాట, షూ మార్చి, వ్యాయామం చేస్తే ఆపుకోవచ్చు. కదలకపోతే బిగుసుకుంది. నా ఎడమది సరి అయింది. కుడిది సగంలో ఆగిపోయింది.

అప్పుడు నన్ను తెల్లకాగితం మీద నిలబెట్టి పాదం చుట్టూ పెన్నుతో గీత గీసింది. దాని మీద నా షూ పెట్టింది. గీత రెండు వైపులా షూ బయటే ఉంది. వేళ్ళ దగ్గర ముప్పావు అంగుళం బయట. ఆ కాగితం చూసి నాకు మాట రాలేదు. ఆరేళ్ళుగా నా కాలు ఉండాల్సిన చోటు అది, కాలు ఉన్న చోటు ఇది.

ఆపరేషన్ గురించి అడిగాను. ఉంది అంది. మెత్తగా ఉన్న వేలికైతే కిందకి లాగే తాడుని పైకి మార్చి కుడతారు. బిగుసుకున్న దానికి కణుపు దగ్గర కొంచెం ఎముక తీసి సరిచేస్తారు, లేదా రెండు ఎముకలు అతుక్కునేలా చేస్తారు. వేలి కొస నుంచి సన్నటి తీగ గుచ్చి నాలుగు నుంచి ఆరు వారాలు ఉంచుతారు, తర్వాత తీసేస్తారు. వాపు నెలల తరబడి ఉండొచ్చు, వేలు గట్టిపడొచ్చు, మళ్ళీ వంగొచ్చు కూడా. "షూ మార్చినా నడవలేనంత నొప్పి ఉంటే చేద్దాం. చూడ్డానికి బాగుండాలనో, సెలక్షన్ కోసమో నొప్పి లేని వేలిని కోయడానికి నేను ఒప్పుకోను. చేశాక నిన్ను తీసుకుంటారని రాసివ్వలేను కూడా" అంది. పెద్ద డాక్టరు గారు కూడా వచ్చి చూసి ముందు ఆరు నెలలు షూ మార్చి చూడమన్నారు.

బయటికొచ్చి గేటు దగ్గర టీ బండి పక్కన చాలాసేపు కూర్చున్నాను. నాకు ఇంకొక్క ర్యాలీకే వయసుంది. ఆరు నెలలంటే అది పోయినట్టే.

ఇప్పుడు చేస్తున్నవి చెప్తాను. ముక్కు వెడల్పుగా, లోతుగా ఉండే స్పోర్ట్స్ షూ కొన్నాను, ఎనిమిదిన్నర నంబరు. సాయంత్రం వెళ్ళి కొన్నాను, ఎందుకంటే పొద్దుటికంటే సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది. రెండు కాళ్ళూ వేసి, నిలబడి చూడాలి, పెద్ద కాలికి సరిపోయేది తీసుకోవాలి. పొడుగు వేలికీ షూ కొసకీ మధ్య బొటనవేలంత చోటు ఉండాలి. షూ లోపలి అట్ట బయటికి లాగి దాని మీద నిలబడి చూడండి, వేళ్ళు అట్ట దాటితే ఆ షూ వద్దు. షాపువాడు "వాడగా వాడగా సాగుతుంది తమ్ముడూ" అంటాడు. షూ సాగదు, వేలే సాగదీసుకుంటుంది. రూములో రోజూ రాత్రి వేలిని చేత్తో నిఠారుగా లాగి పట్టుకుంటాను. తువ్వాలు నేల మీద పరిచి వేళ్ళతో దగ్గరికి లాక్కుంటాను. గోలీలు ఏరమంది డాక్టరక్క, నేను చింతపిక్కలు ఏరుతున్నాను, మెస్‌లో వాటికి కరువు లేదు. మా రూము వాళ్ళు మొదట వింతగా చూశారు. ఇప్పుడు ఎవరు ఎక్కువ ఏరతారని పందెం వేస్తున్నారు. వంగిన వేలి మీద నుంచి పక్క వేళ్ళ కింద నుంచి పేపర్ టేపు చుడతాను. ఆనెకాయకి మధ్యలో రంధ్రం ఉన్న మెత్తటి ప్యాడ్, స్నానం తర్వాత మెత్తబడినప్పుడు రుద్దురాయితో కొంచెం కొంచెం, అంతే. బ్లేడు లేదు.

అయిదు నెలలైంది. నొప్పి పోయింది. ఆనెకాయ చాలా తగ్గింది. ఎడమ వేలు ఇప్పుడు చూస్తే గుర్తుపట్టలేరు. కుడిది అలాగే ఉంది, ఇక ఉంటుంది. వ్యాయామాలు బిగుసుకున్న వేలిని సరిచేయవు, ఎవరైనా యూట్యూబ్‌లో వారంలో సరి అవుతుందంటే నమ్మకండి. సాక్సులు లేకుండా పడుకుంటున్నాను.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు మా అయ్యకి చెప్పాను. సెలక్షన్ పోయిందని ముందే ఫోన్లో చెప్పాను గానీ ఎందుకు పోయిందో చెప్పలేదు. "పోటీ ఎక్కువ" అని అబద్ధం ఆడాను. పొయ్యి దగ్గర కూర్చుని కాలు చాపి చూపించాను. ఆయన నా పాదం తన ఒళ్ళో పెట్టుకుని వేలిని పట్టుకుని చాలాసేపు మెల్లగా సాగదీసి చూశాడు. "వెదురైతే నిప్పు మీద కాసి సరిచేసేద్దుము. ఏలు గదా" అన్నాడు. తర్వాత "ఆ బూట్లేనా, సంతకి ఏసుకొచ్చినయి?" అని అడిగాడు. అవునన్నాను. "నానే గదరా అందరికీ సూపించేను" అన్నాడు. అమ్మ లోపల్నించి ఏదో అంటోంది, ఆయన వినడం లేదు. నేను కాగితం, పెన్ను తెచ్చి ఆయన పాదం గీశాను, పక్కన నాది గీశాను. ఆయన పాదం ముందు వైపు ఎంత వెడల్పంటే కాగితం సరిపోలేదు. చూసి నవ్వాడు. ఆ రోజు నవ్వింది అప్పుడొక్కసారే. ఎక్కడో చదివాను, 1958లో హాంకాంగ్‌లో ఇద్దరు డాక్టర్లు షూ వేసుకునేవాళ్ళ పాదాలనీ, ఎప్పుడూ వేసుకోని పడవల్లో బతికేవాళ్ళ పాదాలనీ పోల్చి చూస్తే, బొటనవేలు వంకర ఎక్కువగా షూ వాళ్ళకే కనిపించిందని. మా అయ్యకి చెప్తే "అయితే బూట్లు మానేస్తావేటి?" అన్నాడు. మానను. ముళ్ళూ, పాములూ, మేకులూ, అరికాలి పుండ్లూ నేనూ చూశాను. సైజు చూసుకుని వేసుకుంటాను.

మా చెల్లి ఎనిమిదో తరగతి, వేరే హాస్టల్ స్కూలు. అదీ పండక్కి వచ్చింది, కొత్త నల్ల షూలతో. "సరిపోయాయా?" అని అడిగాను. "సరిపోతున్నాయిలే అన్నయ్యా" అంది, నా ముఖం చూడకుండా. కాగితం మీద నిలబెట్టి గీశాను. షూ పెట్టాను. చిటికెన వేలంత బయటుంది. నొక్కి చూశాను, వేళ్ళు ఇంకా మెత్తగానే ఉన్నాయి, నొక్కగానే సరి అయిపోతున్నాయి. అది ఏడుపు మొదలుపెట్టింది, సైజు మార్చమంటే షూ లాక్కుంటారని.

ఆ కాగితం మడిచి నా బ్యాగులో పెట్టుకున్నాను. సోమవారం నాకు క్లాసులు లేవు. మొదటి బస్సుకి వాళ్ళ స్కూలుకి వెళ్తున్నాను, వార్డెన్ మేడమ్‌తో మాట్లాడడానికి. ఆ జత తీసుకుని వెళ్ళమంటారో, మార్చి ఇస్తారో చూడాలి. ఇవ్వకపోతే కొనడానికి డబ్బులు కూడా పట్టుకెళ్తున్నాను, మా అయ్య కాఫీ పళ్ళు అమ్మి ఇచ్చినవి.